సముద్రపు నాచు పీచు ఎవరికి ఆహారం? షుగరున్న ఒకామె కేసు

నేను తిరుపతిలో క్లినికల్ డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆ పేషెంటు ఒప్పుకున్నారు. ఆమెను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఊరు, ఇల్లు, పని గురించి మిగిలింది కేసు అర్థం కావడానికి కావలసినంతే.

పేగుల్లోని బ్యాక్టీరియా గురించి ఇప్పుడు మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారు. అది మంచి మార్పే. కానీ ఆ ఆసక్తితో పాటు పొడులు, క్యాప్సూల్స్ కూడా ఇళ్లలోకి వస్తున్నాయి. వాటిలో సముద్రపు నాచు పొడి ఒకటి. ఈ కేసులో మూడు వేరు వేరు విషయాలు ఒకే డబ్బాలో కలిసిపోయి వచ్చాయి: నాచులోని పీచు కడుపులో చేసే పని, ఆ పీచును బ్యాక్టీరియా తినగలగడం, దాంతోపాటు ఒంట్లోకి చేరే అయోడిన్. వీటిని ఎలా విడదీశామో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

ఆమెకు 50 దాటాయి. తిరుపతికి దగ్గర్లోని ఒక మండల కేంద్రంలో ఉంటారు. శాకాహారి. టైప్-2 షుగరు వచ్చి ఎనిమిదేళ్లు. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, గ్లిమిపిరైడ్ ఉదయం, రాత్రి, ఒక బీపీ మాత్ర. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) 8.6. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) 262. బరువు 72 కిలోలు, ఎత్తు ఐదడుగులే. రెండేళ్ల కిందట చేయించిన థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్) మామూలుగానే ఉంది. వాళ్లమ్మకు థైరాయిడ్ ఉండేదని మాత్రం చెప్పారు.

తిండి మన ఇళ్లలో మామూలుగా ఉండేదే. పొద్దున ఇడ్లీయో దోసెయో, మధ్యాహ్నం, రాత్రి సన్నబియ్యం అన్నం, పప్పు, రసం, మజ్జిగ. కూర అంటే అన్నంలో కలుపుకోవడానికి రెండు గరిటెలు. సాయంత్రం కాఫీతో బిస్కెట్లు. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే, అదీ బాగా ఆకలి మీద. మామూలు రోజుల తిండి, పండగ రోజుల తిండి రెండూ అడిగి లెక్కవేస్తే పీచు రోజుకు 18 గ్రాముల దగ్గర తేలింది. రెండు వేల కేలరీలు తినే మనిషికి సుమారు 30 గ్రాములు ఉండాలి. సన్నబియ్యంలో వంద గ్రాములకు మూడు గ్రాముల లోపే పీచు ఉంటుంది, రాగుల్లో పదకొండు గ్రాములుంటుంది. రెండు పూటలా తెల్లన్నమే అయితే ఆ తేడా పూడ్చడం చాలా కష్టం.

ఏ సమస్యతో వచ్చారు

షుగరు కోసం కాదు, మలబద్ధకం, గ్యాస్ అని వచ్చారు. చెన్నైలో ఉండే చెల్లెలి కొడుకు తెచ్చిచ్చిన నాచు పొడిని పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా కలుపుకుని తాగుతున్నారు. రాత్రికి అదే కంపెనీ క్యాప్సూల్. అప్పటికి నాలుగు నెలలు.

"పేగుల్లో మంచి క్రిములు పెరుగుతాయంట మేడం, షుగరు దానంతటదే దిగుతాదంట. దిగేది అట్టుంచి, కడుపు బిగేసుకోని పోతా ఉండాది."

ఆ నాలుగు నెలల్లో బరువు మూడు కిలోలు పెరిగింది. మధ్యాహ్నం కునుకు ఆపుకోలేకపోతున్నారు. పొద్దున లేవగానే మొహం ఉబ్బినట్టు ఉంటోంది. చర్మం పొడిబారింది. ఇంట్లోవాళ్లు వయసు, ఎండలు అనుకున్నారు.

ఇక్కడ మొదటి ఆలోచన పీచు గురించే రావాలి. నీళ్లు సరిగ్గా తాగకుండా పొడి పీచు తీసుకుంటే మలం గట్టిపడుతుంది, అది మామూలే. కానీ ఆమె నీళ్లు బాగానే తాగుతున్నారు. పైగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు విరేచనం పలచబడడం ఎక్కువ, బిగుసుకోవడం తక్కువ. మలబద్ధకంతో పాటు బరువు పెరగడం, నీరసం, మొహం ఉబ్బడం కలిశాయంటే చూడాల్సింది పేగుల్ని మాత్రమే కాదు, గొంతు దగ్గరి గ్రంథిని కూడా. అందుకే పొడి డబ్బా తెమ్మన్నాను. దాని మీద 'కెల్ప్' అని, 'ప్రీబయోటిక్ పీచు' (పేగు బ్యాక్టీరియాకు మేతయ్యే పీచు) అని ఉంది. ఏ జాతి నాచు, చెంచాకు ఎంత అయోడిన్ అన్నది ఎక్కడా లేదు.

కెల్ప్ అంటే చల్లటి సముద్రాల్లో పెరిగే పెద్ద గోధుమరంగు నాచులు. సముద్రపు నీటిలోని అయోడిన్‌ను పీల్చి నిల్వ చేసుకోవడంలో వీటికి సాటి లేదు. మార్కెట్లో దొరికే నాచు పదార్థాలను కొలిచినప్పుడు గ్రాముకు 16 మైక్రోగ్రాముల నుంచి 8 వేల మైక్రోగ్రాముల పైదాకా అయోడిన్ కనిపించింది. తక్కువ వైపు సుషీ చుట్టే నోరి ఉంటే, ఎక్కువ వైపు ఉన్నవి కెల్ప్ రకాలే. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. మన ఉప్పులో అమ్మే చోట కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. అంటే పది గ్రాముల ఉప్పుతోనే ఆ 150 వచ్చేస్తుంది. చెంచా పొడి మూడు గ్రాములు అనుకుని, గ్రాముకు ఐదొందలే అని తక్కువలో తక్కువ లెక్క వేసినా, ఆమె రోజూ అవసరానికి పది రెట్లు అదనంగా తాగుతున్నారు.

మా ఫిజీషియన్‌తో మాట్లాడి అదే రోజు థైరాయిడ్ పరీక్షలు రాయించాం. టీఎస్‌హెచ్ 12.6. ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) మామూలు హద్దుల్లోనే ఉంది, కాకపోతే అడుగున. సొంత థైరాయిడ్ మీదే దాడి జరుగుతోందని చూపే యాంటీ-టీపీఓ యాంటీబాడీలు బాగా ఎక్కువ.

అయోడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే థైరాయిడ్ హార్మోన్ తయారీని తనంతట తానే ఆపేసుకుంటుంది. వోల్ఫ్, ఛైకాఫ్ అనే ఇద్దరు 1948లోనే దీన్ని గమనించారు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కొద్ది రోజుల్లో ఆ పరిస్థితికి అలవాటుపడి మళ్లీ పని మొదలుపెడుతుంది. లోపల యాంటీబాడీలతో ముందే దెబ్బతిన్న గ్రంథి అలా తేరుకోలేదు. వాళ్లమ్మ థైరాయిడ్ సంగతి, ఈ యాంటీబాడీల సంఖ్య పక్కపక్కన పెట్టి చూస్తే ఆమె గ్రంథి ఈ రెండో కోవకే చెందిందని అర్థమైంది.

మొదటి నిర్ణయం: ఆపి, ఆగి చూడడం

పొడి, క్యాప్సూల్ రెండూ ఆపించాం. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) వెంటనే మొదలుపెట్టాలా అన్నది ఫిజీషియన్ చేతిలోని నిర్ణయం. ఫ్రీ టీ4 ఇంకా హద్దులోనే ఉంది, కారణం కళ్ల ముందే ఉంది, గుండె జబ్బు లేదు, గర్భం వచ్చే వయసు కాదు. అందుకని అయోడిన్ ఆపి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. వీటిలో ఏ ఒక్కటి వేరుగా ఉన్నా ఇలా ఆగి ఉండేవాళ్లం కాదు. ఇంకో కారణం కూడా ఉంది. ఒకసారి మాత్ర మొదలైతే అది అయోడిన్ వల్ల వచ్చిన తాత్కాలిక సమస్యా, నిలిచిపోయే జబ్బా అని తేల్చుకోవడం ఆలస్యమవుతుంది.

పొడి ఆపడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం సరైనది: "జపానోళ్లు రోజూ అదే తింటారంట గదా మేడం? వాళ్లకు లేంది నాకేం వచ్చినాది?"

ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. మొదటిది థైరాయిడ్ సంగతి. జపాన్‌లో కూడా రాలేదని కాదు. హొక్కైడో తీరంలో కొంబు అనే కెల్ప్‌ను విపరీతంగా తినే ఊళ్లలో గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాపు (గాయిటర్) ఎక్కువగా కనిపించిందని 1960ల్లోనే నమోదైంది. రెండో జవాబు బ్యాక్టీరియా గురించి. నాకు ఈ కేసులో అసలైన పాఠం అక్కడే ఉంది, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

ఎవరి పేగులో ఎవరున్నారు

నాచు పీచు అంటే ఒకే పదార్థం కాదు. గోధుమరంగు నాచుల్లో ఆల్జినేట్, లామినారిన్, ఫ్యుకోయిడాన్ ఉంటాయి. ఎర్ర నాచుల్లో అగర్, క్యారజీనన్, నోరిలో మాత్రం పోర్ఫిరాన్. ఆకుపచ్చ వాటిలో అల్వాన్. వీటిని కోయగల ఎంజైమ్ ఒక్కటి కూడా మన శరీరం తయారుచేయదు. పీచు పెద్దపేగు దాకా చెక్కుచెదరకుండా వెళ్తుంది. అక్కడ ఉన్న బ్యాక్టీరియాలో ఎవరికైనా సరైన ఎంజైమ్ ఉంటే తింటారు, లేకపోతే వచ్చింది వచ్చినట్టే బయటకు పోతుంది.

2010లో ఫ్రాన్స్‌లోని రోస్కోఫ్ పరిశోధకులు ప్రచురించిన పని దీన్ని చాలా స్పష్టంగా చూపింది. ఎర్ర నాచుల మీద బతికే జొబెల్లియా అనే సముద్రపు బ్యాక్టీరియాలో పోర్ఫిరాన్‌ను కోసే ఎంజైమ్‌ను వాళ్లు గుర్తించారు. ఆ ఎంజైమ్ జన్యువు ఇంకెక్కడ ఉందా అని వెతికితే, జపాన్ మనుషుల పేగుల్లోని బ్యాక్టీరాయిడ్స్ ప్లెబియస్ అనే బ్యాక్టీరియాలో దొరికింది. వాళ్లు పోల్చి చూసిన ఉత్తర అమెరికా వాళ్ల పేగుల్లో కనిపించలేదు. తరతరాలుగా నోరి తినడం వల్ల, నాచుతో పాటు కడుపులోకి వెళ్లిన సముద్రపు బ్యాక్టీరియా నుంచి ఆ జన్యువు పేగులోని బ్యాక్టీరియాకు చేరిందన్నది వాళ్ల వివరణ. ఒకే నోరి ముక్క ఒకరి బ్యాక్టీరియాకు భోజనం, ఇంకొకరి పేగులో కదలకుండా పోయే పదార్థం.

2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఎలుకల మీద చేసిన పని దీనికి కొనసాగింపు లాంటిది. పోర్ఫిరాన్ తినగల బ్యాక్టీరియాను ఎలుకలకు ఎక్కించి, పోర్ఫిరాన్ పెట్టినప్పుడు ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకుంది. ఎంత పెడితే ఆ మేరకు పెరిగింది. అంటే తినేవాడు, తిండి రెండూ ఉండాలి. తిండి మాత్రమే పంపితే సరిపోదు.

పులికాట్, శ్రీహరికోట వైపు మండలాలు కలవడంతో 2022 నుంచి తిరుపతి జిల్లాకు సముద్రతీరం ఉంది. అయినా మన వంటింట్లో నాచు ఎప్పుడూ లేదు. ఇక్కడి పేగుల్లో తరాల తరబడి మేత దొరికింది రాగికి, ఉలవకు, అనపకు, కందికి అలవాటుపడిన బ్యాక్టీరియాకు. ఆమెకు ఈ మాట ఇలాగే చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మా అమ్మ పెట్టిందే దానిక్కూడా కావాలంటారా" అన్నారు.

ఇలాగని నాచు పీచుకు మన దగ్గర పనే లేదని కాదు. బ్యాక్టీరియా అవసరం లేని పని ఒకటుంది. అదే రెండో నిర్ణయానికి దారి చూపింది.

రెండో నిర్ణయం: అగర్‌ను దాని పనికే వాడడం

ఆమె షుగరు చార్టులో అన్నిటికంటే ఎత్తున ఉన్నది రాత్రి భోజనం తర్వాతి సంఖ్య, 240 దాటి. కారణం ఆలస్యంగా, ఆకలి మీద తినే పెద్ద కంచం అన్నం. ఇక్కడ కావలసింది కడుపు త్వరగా నిండడం, పిండిపదార్థం నెమ్మదిగా పేగుల్లోకి దిగడం. గట్టి జెల్ ఈ రెండూ చేస్తుంది. దాన్ని ఏ బ్యాక్టీరియా తిననక్కర్లేదు.

అగర్ అంటే మన దుకాణాల్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేదే. నగరి, పుత్తూరు వైపు కొందరు అరవంలో కడల్‌పాసి అంటారు. రంజాన్ నెలలో ఎక్కువగా అమ్ముతారు. మన దేశంలో దీనికి ముడిసరుకు ఎక్కువగా మన్నార్ సింధుశాఖ నుంచి, రామనాథపురం తీరపు గ్రాసిలేరియా, జెలిడియెల్లా నాచుల నుంచి వస్తుంది. ఆ ఊళ్లలో ఆడవాళ్లు నీళ్లలో మునిగి చేత్తో కోసి తెస్తారు. ఇది ఎర్ర నాచు, పైగా తీసే క్రమంలో ఉడికించి, కడిగి, శుభ్రం చేస్తారు కాబట్టి అయోడిన్ విషయంలో కెల్ప్‌తో పోలికే లేదు.

2005లో జపాన్‌లో బరువెక్కువున్న, షుగరు లేదా షుగరుకు ముందు దశలో ఉన్న 76 మందికి 12 వారాల పాటు దీన్ని పరీక్షించారు. అందరికీ ఒకే తరహా సంప్రదాయ భోజనం. సగం మందికి రాత్రి భోజనానికి ముందు అగర్ జెల్ అదనం. అది తిన్నవాళ్లలో బరువు మిగతావాళ్ల కంటే ఎక్కువ తగ్గింది. కడుపు నిండి తక్కువ తినడమే ముఖ్య కారణమని అర్థమవుతుంది. నా పేషెంటుకు కావలసింది అచ్చంగా అదే.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు అడిగాను. కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, తిన్నది గంటల తర్వాత వాంతి కావడం ఉందా అని. షుగరు పాతబడితే కొందరికి జీర్ణాశయం మందగిస్తుంది, వాళ్లకు గట్టి జెల్ పెట్టడం ప్రమాదం. గతంలో పేగుల ఆపరేషన్ ఏదైనా జరిగిందా అని కూడా. రెండూ లేవు.

రెండు గ్రాముల పొడి, ఒక పెద్ద గ్లాసు నీళ్లు, నాలుగు అల్లం ముక్కలు, జీలకర్ర, చిటికెడు ఉప్పు. పొడి పూర్తిగా కరిగేదాకా మరిగించాలి. పొయ్యి దించి కాస్త ఆరాకే నిమ్మరసం, ఎందుకంటే పులుపుతో కలిపి మరిగిస్తే అగర్ గట్టిగా పేరుకోదు. గట్టిపడ్డాక ముక్కలు కోసి పలచని మజ్జిగలో వేసుకుని భోజనానికి ఇరవై నిమిషాల ముందు తినాలి. అగర్ 40 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, కరగాలంటే 85 దాటాలి. అందుకే తిరుపతి ఎండల్లో బయట పెట్టినా గట్టిగానే ఉంటుంది, కడుపు వేడికీ కరగదు. పొడిని మాత్రం పొడిగానే నోట్లో వేసుకోకూడదని మూడుసార్లు చెప్పాను. గొంతులో నీళ్లు పీల్చి ఉబ్బితే అక్కడే అడ్డుపడుతుంది.

గ్లిమిపిరైడ్ సంగతి ఇంకా ముఖ్యం. ఆ మాత్ర తిండితో సంబంధం లేకుండా ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. రాత్రి అన్నం తగ్గితే, జెల్ వల్ల ఆ అన్నం నెమ్మదిగా అరిగితే, అర్ధరాత్రి షుగరు పడిపోవచ్చు. ఫిజీషియన్ ముందే రాత్రి మోతాదు సగం చేశారు. పడుకునే ముందు, తెల్లవారుజామున కొన్నాళ్లు షుగరు చూడమన్నాం. పీచు పదార్థమే కదా అని మందుల వైపు చూడకుండా మొదలుపెట్టేవాళ్లకు ఈ ఒక్క విషయం తెలిస్తే చాలనిపిస్తుంది నాకు.

ఏది పనిచేయలేదు

రెండు నెలలు కావస్తుండగా రాత్రి సంఖ్య రెండు వందల దగ్గరికి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే అన్నం ఒక గరిటె తగ్గింది. టీఎస్‌హెచ్ 6.8కి దిగింది, మొహం వాపు పోయింది. అక్కడితో ఆగింది. పరగడుపు షుగరు 160 పైనే. ట్రైగ్లిజరైడ్స్ కదల్లేదు. మలబద్ధకం థైరాయిడ్‌తో పాటు కొంత సర్దుకుంది కానీ పూర్తిగా పోలేదు.

ఇది అగర్ తప్పు కాదు, దాని హద్దు. కడుపులో, చిన్నపేగులో దాని పని అది చేసింది. పెద్దపేగులో మన బ్యాక్టీరియాకు అది పెద్దగా పనికిరాదు.

ఈలోగా ఆమె మందుల షాపులో ఇనులిన్ (ఇన్సులిన్ కాదు, ఒక రకం పీచు) పొడి కొని రోజుకు రెండు చెంచాలు వేసుకోవడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే కడుపుబ్బరంతో ఫోన్ చేశారు. ఇనులిన్ మంచి ప్రీబయోటిక్కే, దాన్ని తినగల బ్యాక్టీరియా మన పేగుల్లో ఉన్నాయి కూడా. ఇబ్బంది వేగంతో వచ్చింది. చిన్న గొలుసుల పీచు పెద్దపేగు మొదట్లోనే గబగబా పులుస్తుంది, అలవాటు లేని పేగులో ఒక్కసారిగా గ్యాస్ నిండుతుంది. ఆపించాను.

రాగి సంగటి మాట ఎత్తితే ఆమె ససేమిరా అన్నారు. ఏడాది కిందట ఎవరో చెప్పారని రెండు పూటలా సంగటి తిన్నారట, షుగరు పెరిగిందట. "రాగులు నాకు పడవు మేడం" అన్నది ఆమె తీర్మానం. ఆమె చెప్పింది అబద్ధం కాదు. మిల్లులో మెత్తగా పట్టించిన రాగి పిండి, దానిలో సగానికి సగం బియ్యపు నూక, కూర తక్కువ, ముద్ద పెద్దది. మెత్తటి పిండిలో పిండిపదార్థం త్వరగా అరుగుతుంది. పదకొండు గ్రాముల పీచు కాగితం మీద ఉంటుంది, చేత్తో పట్టిన ముద్ద సైజు మాత్రం షుగరు మీటరు మీద కనిపిస్తుంది.

ఏది పనిచేసింది

రాత్రి అగర్ అలాగే ఉంచాం. మధ్యాహ్నం భోజనంలో మాత్రం బ్యాక్టీరియాకు మేత పెట్టడం మొదలుపెట్టాం. వారానికి ఒకటే కొత్త పదార్థం. ఇనులిన్ నేర్పిన జాగ్రత్త అది.

మొదట మటిక్కాయలు, అంటే గోరుచిక్కుడు. గోరుచిక్కుడు గింజలో ఉండే గ్వార్ గమ్ కూడా జెల్ అయ్యే పీచే. అగర్ లాగా కాకుండా దాన్ని మన బ్యాక్టీరియా హాయిగా తింటాయి. వారంలో మూడుసార్లు, రెండు గరిటెలు కాదు, ఒక గిన్నె.

తర్వాత అనపకాయలు. మా చిత్తూరు వైపు చలికాలం వస్తే పితికిపప్పు లేని ఇల్లు ఉండదు. గింజల్ని రాత్రి నానబెట్టి తోలు పితికేస్తారు. రుచికి అదే సరైన పద్ధతి, నాకూ ఇష్టమే. కానీ పీచులో పెద్ద భాగం ఆ తోలులోనే పోతుంది. సంక్రాంతికి, చుట్టాలొచ్చినప్పుడు పితికిపప్పు, మామూలు రోజుల్లో తోలుతోనే అనపగింజల కూర అని ఒప్పుకున్నారు. ఉలవల విషయంలో చారు మాత్రమే తాగి గింజలు పశువులకు పోసే అలవాటు ఉండేది. ఆ గింజల్లోనే పీచు ఉంది కాబట్టి సాయంత్రం బిస్కెట్ల స్థానంలో చిన్న గిన్నె ఉలవ గుగ్గిళ్లు చేరాయి. గుగ్గిళ్ల తర్వాత మొదటి నాలుగైదు రోజులు గ్యాస్ పెరిగింది. ముందే చెప్పి ఉంచడం వల్ల ఆమె భయపడలేదు, మానలేదు. తర్వాత తగ్గింది.

సంగటి చివరికి వచ్చింది, అదీ ఆమె మీటరుతో ఒప్పించి. బియ్యపు నూక బదులు కొర్ర నూక, పిండి కాస్త బరకగా, ముద్ద నిమ్మకాయంత కాదు గానీ పిడికిలి దాటకుండా. పక్కన మునగాకు పప్పో, తోటకూర పులుసో గిన్నెడు. తిన్న రెండు గంటలకు చూసుకుంటే, తెల్లన్నం రోజు కంటే ముప్పై, నలభై తక్కువ వచ్చింది. "రాగులు కాదు మేడం, ముద్దే నాకు పడనిది" అని ఆమే అన్నారు. జామకాయ, అది కూడా తొక్కతో, రోజుమార్చి రోజు. భోజనం తర్వాత ఇంటి ముందు వీధిలో పదిహేను నిమిషాల నడక.

ఈ పీచు పదార్థాలన్నీ పెద్దపేగులో పులిసినప్పుడు ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి. బ్యుటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ముఖ్య ఇంధనం. ఈ ఆమ్లాలు పేగు గోడలోని కొన్ని కణాలను తాకి జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లు విడుదల చేయిస్తాయి. ఆకలి తగ్గడం, ఇన్సులిన్ సమయానికి రావడం వాటి పనే. 2018లో చైనా పరిశోధకులు షుగరున్నవాళ్లకు రకరకాల పీచులు కలిపిన భోజనం పెట్టి చూసినప్పుడు, ఈ ఆమ్లాలు తయారుచేసే కొన్ని బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఎవరిలో అవి బాగా పెరిగాయో వాళ్లలో షుగరు ఎక్కువ మెరుగుపడింది. అక్కడ పనిచేసింది ఒక పొడి కాదు, పీచుల వైవిధ్యం. మటిక్కాయ, అనప, ఉలవ, రాగి, జామ ఒకదాని బదులు ఒకటి కాకుండా ఒకదాని తర్వాత ఒకటిగా చేర్చడానికి కారణం అదే.

మల పరీక్షతో బ్యాక్టీరియా జాబితా తీయించే ల్యాబులు ఇప్పుడున్నాయి. వాళ్లబ్బాయి చేయిద్దామన్నాడు. వద్దన్నాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే పేగు బ్యాక్టీరియాను గణనీయంగా మారుస్తుందని 2015లోనే తేలింది. మాత్రకు వచ్చిన మార్పేదో, తిండికి వచ్చిన మార్పేదో ఆ కాగితం విడదీసి చెప్పదు. ఫలితం ఏది వచ్చినా నేను చెప్పే భోజనం మారదు. అలాంటి పరీక్షకు వేల రూపాయలు పెట్టించడం నాకు న్యాయమనిపించలేదు. ఆ డబ్బుతో షుగరు స్ట్రిప్పులు కొనమన్నాను.

ప్రసాదం గురించి కూడా ఒక మాట. తిరుపతి చుట్టుపక్కల ఎవరికైనా ఇంట్లో లడ్డు లేని నెల ఉండదు. తినొద్దు అని చెప్పడం నా పని కాదు, చెప్పినా జరగదు. ఖాళీ కడుపుతో కాకుండా భోజనం చివర, చిటికెన వేలి గోరంత. ఇన్నేళ్లలో ఈ మాటను కాదన్న పేషెంటు నాకు ఎదురు కాలేదు.

ఆరు నెలలకు

హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.2. ట్రైగ్లిజరైడ్స్ 262 నుంచి 181. బరువు 67 కిలోల పైన. టీఎస్‌హెచ్ 4.1, థైరాక్సిన్ లేకుండానే. విరేచనం రోజూ. రాత్రి గ్లిమిపిరైడ్‌ను ఫిజీషియన్ పూర్తిగా తీసేశారు.

ఈ సంఖ్యల్ని ఒక్క బ్యాక్టీరియా ఖాతాలో వేయను. అన్నం తగ్గింది, బరువు తగ్గింది, నడక చేరింది, థైరాయిడ్ సర్దుకోవడం వల్లే కొవ్వుల లెక్క కొంత దిగి ఉంటుంది, ఎందుకంటే థైరాయిడ్ మందగిస్తే ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి. కానీ ఏ దశలో ఏది కదిలిందో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. అగర్ చేరినప్పుడు రాత్రి భోజనం తర్వాతి షుగరు తగ్గింది. పరగడుపు షుగరు, పేగుల కదలిక బాగుపడింది మధ్యాహ్నపు కంచం మారాకే.

ఇప్పుడు ఎవరు నాచు పొడి తెచ్చినా నేను అడిగేవి ఇవే. ఏ జాతి? గ్రాముకు ఎంత అయోడిన్? మీ ఇంట్లో థైరాయిడ్ ఎవరికైనా ఉందా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? ఫ్యుకోయిడాన్‌కు రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం ఉంది కాబట్టి ఆ ప్రశ్న. కిడ్నీ జబ్బుంటే పొటాషియం గురించి. థైరాక్సిన్ వాడేవాళ్లయితే ఏ పీచు పొడినీ మాత్రతో కలిపి వేసుకోవద్దని. హిజికి అనే నల్లటి నాచు అయితే అసలే వద్దని, దానిలో ఆర్సెనిక్ ఎక్కువని బ్రిటన్ ఆహార సంస్థే హెచ్చరించింది. జవాబులు డబ్బా మీద లేకపోతే ఆ డబ్బా తెరవక్కర్లేదని చెబుతున్నాను.

మొన్నటి రివ్యూకు ఆమె నోరి షీట్ల ప్యాకెట్ తెచ్చారు, మళ్లీ చెన్నై నుంచే. ఈసారి తెరవకుండా తెచ్చి చూపించారు. ఒక షీటు మూడు గ్రాముల లోపే ఉంటుంది, నోరిలో అయోడిన్ గ్రాముకు పదుల మైక్రోగ్రాముల్లోనే. ఎప్పుడో ఒకసారి మనవళ్లతో కలిసి ఒకటి తింటే ఇబ్బంది లేదని, రోజూ మాత్రం వద్దని చెప్పాను. యాంటీబాడీలు ఉన్నాయి కాబట్టి టీఎస్‌హెచ్ ఆరు నెలలకోసారి చూడాలి. తర్వాతి పరీక్ష ఉగాది దాటాక.